స్టార్ ఆత్మకథ అడిగితే, ఇకమీదట మేం మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతాం

మా పుస్తకాల షాపులో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఇది: "మా అమ్మాయికి ఫలానా స్టార్ అంటే ప్రాణం. పుట్టినరోజుకి ఆ స్టార్ ఆత్మకథ ఇద్దామనుకుంటున్నాం, ఉందా?" ఉంటే తీసి ఇచ్చేయడం మాకు తేలికే. కానీ ఇకమీదట బిల్లు వేసే ముందు అమ్మాయి వయసెంతో, ఆ స్టార్ గురించి ఇప్పటికే ఏం చదివిందో అడుగుతాం. పుస్తకంలో ఏముందో చెబుతాం. అది విని మీరు కొనకుండా వెళ్లినా ఫర్వాలేదు.

పిల్లలు తెర మీద చూసే మనిషి వేరు, పుస్తకంలో మాట్లాడే మనిషి వేరు. జెనెట్ మెకర్డీ పిల్లల సీరియల్ 'ఐకార్లీ'తో పేరు తెచ్చుకుంది. 2022లో వచ్చిన ఆమె ఆత్మకథలో తల్లి పెట్టిన హింస, తిండి చుట్టూ ముదిరిన జబ్బు దాపరికం లేకుండా ఉంటాయి. చాలా గొప్ప పుస్తకం. పదిహేడేళ్ల అమ్మాయికి సంతోషంగా ఇస్తాను, పన్నెండేళ్ల పాపకు ఇవ్వను. ఏ వయసైనా సరే, మీ అమ్మాయి బరువు గురించి బాధపడుతూ తిండి తగ్గించేస్తుంటే మాత్రం ముందు మీరు చదవండి.

టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ 2009లో తెచ్చిన 'ఓపెన్' కూడా అలాంటిదే. టెన్నిస్ అంటే తనకు ద్వేషమని, ఒక దశలో మత్తుమందు వాడానని అందులో ఒప్పుకున్నాడు. ఆడి ఆడి అలసిపోయిన పిల్లాడికి అది పెద్ద తోడు. తెల్లవారకముందే కోచింగ్‌కి తీసుకెళ్లే నాన్నలు కూడా చదివితే ఇంకా మంచిది.

కొన్ని ఆత్మకథలకు చిన్నవాళ్ల కోసం వేరే ఎడిషన్లు ఉన్నాయి. మలాలా పుస్తకం 2013లో వస్తే, పిల్లల ఎడిషన్ 2014లో వచ్చింది. దక్షిణాఫ్రికా కమెడియన్ ట్రెవర్ నోవాది 2016లో వస్తే, పిల్లలది 2019లో. మిషెల్ ఒబామాది 2018, 2021. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి. పదిహేనేళ్లు దాటిన వాళ్లకు అసలు పుస్తకమే ఇవ్వమంటాను. తనను ఇంకా చిన్నపిల్లలా చూస్తున్నారని ఆ వయసులో చాలా బాధపడతారు. చదవడానికి బద్ధకించే వాళ్లకు నోవా ఆడియోబుక్ ఇచ్చి చూడండి. తనే చదివాడు, రకరకాల యాసలతో!

"ఇది నిజంగా ఆయనే రాశాడా?" అని కూడా అడుగుతుంటారు. చాలాసార్లు వెనక ఒక రచయిత ఉంటారు. అగస్సీ పుస్తకానికి జె.ఆర్. మోరింగర్ పనిచేశారు, 2023లో వచ్చిన ప్రిన్స్ హ్యారీ పుస్తకానికీ ఆయనే. ఇందులో మోసమేమీ లేదు, మాటలు కూర్చింది ఇంకొకరైనా జీవితం ఆ మనిషిదే. నాకు నచ్చనివి వేరే ఉన్నాయి. స్టార్‌తో ఒక్కసారి కూడా మాట్లాడకుండా, పాత ఇంటర్వ్యూలు పోగేసి, అట్ట మీద పెద్ద ఫొటో వేసి వదిలే పుస్తకాలు. నిజమైన అభిమాని రెండు పేజీలు తిప్పగానే "ఇవన్నీ నాకు తెలుసు" అని పక్కన పెట్టేస్తుంది. అలాంటి వాటిని ఇకపై ఆత్మకథల అరలో పెట్టం. అడిగితే తెప్పిస్తాం, ఏమిటో చెప్పి మరీ ఇస్తాం.

జీవితకథ కానివి కూడా ఆత్మకథ పేరుతోనే అడుగుతున్నారు. గాయని టేలర్ స్విఫ్ట్ తన కచేరీల యాత్ర 'ఎరాస్ టూర్' మీద 2024లో తెచ్చిన పుస్తకంలో ప్రధానంగా ఉండేవి ఫొటోలు. కొరియా పాప్ బ్యాండు బీటీఎస్ 2023 పుస్తకం ఒక జర్నలిస్టు సభ్యులతో చేసిన ఇంటర్వ్యూల ఆధారంగా చెప్పిన పదేళ్ల బ్యాండు కథ. రెండూ అభిమానులకు బాగా నచ్చేవే, కానీ ఈపాటికే కొనేసి ఉంటారు.

అందుకే బహుమతిగా కొన్న పుస్తకం చదవకుండా, బిల్లుతో తెస్తే మార్చి ఇస్తాం. మొదటి పేజీలో ఏం రాయాలనుకున్నా, ఆ పుస్తకం మీ అమ్మాయి దగ్గర లేదని తెలిశాకే రాయండి.