మిషన్లతో పాటు వాడకమూ నేర్పి పంపండి

సంపాదకులకు నమస్కారం.

న్యుమోనియా వచ్చిన పెద్దవాళ్లను కాస్త కుదుటపడగానే ఇంటికి పంపి, ఫోన్లో, వీడియోలో డాక్టరు చూసుకోవడం మంచి పద్ధతే. ఆసుపత్రి మంచం మీద వాళ్లకు మతి తప్పడం, నడక పోవడం తరచూ జరుగుతాయి. అయితే ఆక్సీమీటరు (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది), బీపీ మిషన్ లాంటి మిషన్ల డబ్బా ఇచ్చి, వాడకం నేర్పకుండా పంపితే ప్రమాదం ఇంటికి మారుతుందంతే.

డబ్బాలో ఏ మిషనూ లెక్కపెట్టనిది ఊపిరి. రోగికి చెప్పకుండా, పొట్ట లేచి దిగడం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. నిమిషానికి 12 నుంచి 20 మామూలు. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్-2 పట్టికలో (రోగి పరిస్థితి ఎంత దిగజారితే అన్ని ఎక్కువ మార్కులు వేసేది) ఊపిరి 25కు చేరితే 3 మార్కులు. కొత్తగా మతి తప్పి మాట్లాడినా అంతే. ఏ ఒక్కదానికి 3 వచ్చినా డాక్టరు వెంటనే చూడాలి. మన ఇళ్లలో ఈ మతి తప్పడాన్ని ‘చాదస్తం’ అని వదిలేస్తారు. పెద్దవయసులో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. నిన్న మనుషుల్ని గుర్తుపట్టిన పెద్దాయన ఇవాళ గుర్తుపట్టకపోతే అది జబ్బే.

ఆక్సీమీటరు పెట్టేముందు గోళ్లరంగు తుడిచి, చెయ్యి రుద్ది వెచ్చబరచాలి. అంకె నిలకడపడేదాకా ఒక నిమిషం ఆగి అప్పుడు రాయాలి. నల్లని చాయ ఉన్నవారికి అది అసలుకంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. అందుకే ఆయాసపడుతుంటే అంకె బాగుందని ఊరుకోకూడదు. బీపీ పట్టీ చేతికి చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది.

ఏళ్ల తరబడి చుట్ట పొగ, పొయ్యి పొగ పీల్చి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) వచ్చినవారికి ఆక్సిజన్ 88–92 శాతం మధ్య ఉంచమని డాక్టర్లు చెబుతుంటారు. ఇంట్లోవాళ్లు 98 చూడాలని ఫ్లో (నిమిషానికి వదిలే ఆక్సిజన్) పెంచేస్తారు. అప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రోగి మగతలోకి జారుకుంటాడు, నిద్రపోతున్నాడని అందరూ నిశ్చింతగా ఉంటారు. ఫ్లో ఎంతో డాక్టరు చెప్పాలి, దాన్ని మిషన్ మీదే రాసి అంటించాలి. ఆక్సిజన్ పెట్టిన గదిలో దీపం, అగరొత్తులు వద్దు.

విశాఖకు తుపాను బెడద వేరే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. ఐదు లీటర్ల కాన్సెంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషన్) సుమారు 350 వాట్లు తింటుంది. ఫ్యాను, రెండు లైట్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ దాన్ని ఎంతోసేపు లాగలేదు. 1,500 లీటర్లు పట్టే బి-టైపు సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. రెగ్యులేటరు, సిలిండరు తెరిచే తాళంచెవి దానికే కట్టి ఉంచాలి. రీడింగులు యాప్‌తో పాటు కాగితం మీద కూడా రాయాలి.

నగర ఆసుపత్రులకు మా విన్నపం: డిశ్చార్జికి ముందు ఇంటి మనిషి ఒకరు ఈ కొలతలన్నీ నర్సు ఎదుట మూడుసార్లు తీసి చూపించాలి. ఏ అంకెకు ఎవరికి ఫోన్ చేయాలో, ఎప్పుడు నేరుగా 108కి చేయాలో ఆ రోగి పేరున తెలుగులో రాసివ్వాలి. రాత్రి రెండు గంటలకైనా ఆ నంబరు ఎత్తే మనిషి ఉండాలి. కాన్సెంట్రేటర్ నడుస్తున్న ఇళ్ల జాబితా వైద్యశాఖ వద్ద, కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ వద్ద తుపానుకు ముందే ఉండాలి.

- ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సులు, విశాఖపట్నం