ఎస్.కోట ఇంటి విషయంలో మాకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ఎస్.కోటలో (శృంగవరపుకోటలో) కొన్న ఇంటికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. అమ్మానాన్నల పేరు మీద దస్తావేజు చేతికొచ్చింది. ఇందులో పెట్టినదంతా నాన్న రిటైర్మెంట్ డబ్బు. పోతే మళ్లీ కూడబెట్టే వయసు కాదు ఆయనది. ఆ డబ్బు ఇవాళ భద్రంగా ఉందంటే కొంతమంది మంచివాళ్ల వల్ల. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఎవరి మాట ఎవరిదో వాళ్లకు తెలుస్తుంది.

వైజాగ్ నుంచి అరకు వెళ్లేవాళ్లకు ఎస్.కోట అంటే ఘాట్ రోడ్డు ఎక్కేముందు టీ తాగే ఊరు. మా అమ్మకు అది పుట్టినూరు. శివరాత్రికి పుణ్యగిరి కొండెక్కి ధారలో స్నానం చేసిన ఊరు. అక్కడే ఉండిపోవాలని ఆవిడ ఎప్పటినుంచో అనుకుంటోంది. ఈ ఇంటి ఫొటోలు ఆన్‌లైన్లో పెట్టిన రోజే నాకు వాట్సాప్ చేసిన మా ఆఫీసు తమ్ముడికి ముందుగా థాంక్స్. ఆ సాయంత్రమే బ్రోకర్ ఫోన్ చేసి, ఇంకో పార్టీ రెడీగా ఉంది, పొద్దున్నకల్లా అడ్వాన్స్ ఇవ్వండి అన్నాడు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

అప్పుడు నాన్నను ఆపింది మా లాయరు గారు. "ఈసీ చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి బాబాయ్ గారూ. ఈ ఇల్లు పోతే ఇంకోటి వస్తుంది" అంది. ఈసీ అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్. ఆవిడ అడిగిన కాగితాలు రావడానికి చాలా తిరగాల్సి వచ్చింది. అమ్మేవాళ్ల నాన్నగారు 1994లో కొన్న స్థలం అది. దానికి లింకు డాక్యుమెంటు, అంటే అంతకుముందటి దస్తావేజు, 1979 నాటిది. 1983 నుంచి జరిగిన లావాదేవీలకైతే ఈసీ కంప్యూటర్లో వస్తుంది. అంతకుముందువి రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత రిజిస్టర్లు తీయించి వెతికించాలి. ఆ దరఖాస్తు రాసిపెట్టి, పని పూర్తయ్యేదాకా వెంటపడిన డాక్యుమెంట్ రైటర్ గారికి నమస్కారం. స్థలం రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో లేదని చూసిపెట్టింది కూడా ఆయనే.

అసలు చిక్కు వారసుల దగ్గర వచ్చింది. ఆ పెద్దాయన వీలునామా రాయకుండా పోయారు. అన్నదమ్ములిద్దరూ, వాళ్లమ్మా సంతకాలు పెడతామన్నారు. చెల్లెలికి పెళ్లయి చాలా ఏళ్లయింది, ఆవిడ అవసరం లేదన్నారు. వాళ్లకు దురుద్దేశం ఏమీ లేదు, మన ఊళ్లలో అందరూ అలాగే అనుకుంటారు. లాయరు గారు మాత్రం ఒప్పుకోలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. కూతురి సంతకం లేకపోతే ఆవిడ వాటా మనకు రానట్టే, రేపు ఆవిడ గానీ ఆవిడ పిల్లలు గానీ అడిగితే కోర్టు మెట్లెక్కాలి అని అన్నదమ్ములను కూర్చోబెట్టి చెప్పింది. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తెప్పించింది.

ఆ చెల్లెలు ఉండేది జగదల్‌పూర్‌లో. మాకోసం రావాల్సిన పని ఆవిడకు ఏముంది? అయినా కిరండూల్ రైలెక్కి వచ్చింది. అన్నలు ఆవిడ వాటా ఆవిడ చేతిలో పెట్టారు. సంతకం పెట్టాక మా అమ్మ చెయ్యి పట్టుకుని, "పెరట్లో నూతి పక్కన పనసచెట్టు మా నాన్న వేసింది, కొట్టించకండి పిన్నీ" అంది. కొట్టించం అక్కా. మాట ఇస్తున్నాను.

ఇక పక్కింటి అమ్మమ్మ గారి గురించి చెప్పాలి. కొండ కింద ఇళ్లకు నీళ్లే పెద్ద పరీక్ష. ఎండాకాలంలో చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఆవిడ మమ్మల్ని వీధి చివరికి తీసుకెళ్లి, పై నుంచి గెడ్డ (వాగు) ఎటు దిగుతుందో, 2014లో హుద్‌హుద్ తుఫానప్పుడు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూపించింది. "ఓపాలి వాన పడ్డాక వచ్చి చూడు బాబూ, అప్పుడు కొనుక్కో" అంది. అలాగే జోరువాన వెలిసిన మర్నాడు వెళ్లాం. వెంట వచ్చిన తాపీమేస్త్రీ కొత్త రంగు వేసిన వెనక గోడను వేళ్లతో తట్టుకుంటూ పోయి, గుల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత పెట్టాడు. లోపలంతా చెమ్మ. పెరటి వైపు కాలవ పూడిపోయి, కొండనీళ్లు పునాదిలోకి దిగుతున్నాయట. కాలవ తీయించి, గోడకు మళ్లీ ప్లాస్టరింగ్ చేయడానికి అయ్యే ఖర్చు లెక్కకట్టి ఇచ్చాడు. ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గించారు. కూలీ ఇస్తే సగమే తీసుకున్నాడు. రిపేరు పని అతనికే ఇచ్చాం.

దస్తావేజులో ఉన్న చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం) ప్రకారం టేపు పట్టి హద్దులు చూసిన రిటైర్డ్ సర్వేయర్ మావయ్య గారికి కూడా కృతజ్ఞతలు.

ఇంకొక్కరు ఉన్నారు. ఈ బేరం తేలకముందు ఘాట్ పైన, అనంతగిరి వైపు, ఒక స్థలం చౌకగా వస్తుందని ఎవరో చెబితే నాన్న మనసు అటు పోయింది. అమ్మకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు వెంటనే అడ్డుపడ్డారు. అది ఏజెన్సీ ప్రాంతం, 1/70 చట్టం ఉంది, అక్కడ గిరిజనేతరులు కొంటే ఆ కొనుగోలు చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే అని చెప్పారు. "అది వాళ్ల నేల, వాళ్లకే ఉండనీ" అన్నారు. ఆ మాట నాన్న ఇప్పటికీ తలుచుకుంటారు.

గృహప్రవేశం శ్రావణ మాసంలో. అమ్మానాన్నలే స్వయంగా వచ్చి అందరినీ పిలుస్తారు. ఎస్.కోట, కొత్తవలస వైపు ఎవరైనా ఇల్లు చూస్తుంటే, ఏయే కాగితాలు అడగాలో లాయరు గారు రాసిచ్చిన జాబితా నా దగ్గర ఉంది. అడిగితే పంపిస్తాను.