సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక: ఈ ఏటి పనులు, కార్నెగీ మెలన్ నడక

సభ్యులందరికీ నమస్కారం. నియమావళి ప్రకారం ఈ నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గుల పోటీ, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. మీరంతా వచ్చి చూసినవే కనుక వాటి గురించి మళ్లీ రాయను. పచ్చడి కలిపిన అక్కయ్యలకు, బతుకమ్మకు తమ పెరట్లో బంతిపూలు కోసి తెచ్చిన కుటుంబాలకు, పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర పార్కింగు చూసుకున్న కుర్రాళ్లకు, బడిలో ఒక్క ఆదివారం కూడా మానకుండా పాఠం చెప్పిన ఇద్దరు టీచర్లకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవలసింది జూన్‌లో మన పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఆవరణలో తెలుగులో జరిపిన చరిత్ర నడక. మన పిల్లలు కొందరు అక్కడ చదువుతున్నారు, మనలో కొందరు అక్కడే పనిచేస్తున్నారు. అయినా కంప్యూటర్ సైన్స్ సీటు ఊసు తప్ప ఆ సంస్థ సంగతి మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే రోజులని వేసవిలోనే పెట్టాం.

బేకర్ హాల్ దగ్గర మొదలుపెట్టాం. లోపలి పొడవాటి నడవా ఏటవాలుగా ఉంటుంది. ఒక పిల్లవాడు నీళ్ల సీసా అడ్డంగా పెట్టి వదిలితే అది దానంతట అదే దొర్లుకుంటూ పోయింది. బడి నడవకపోతే ఫ్యాక్టరీగా మార్చుకోవచ్చని ఉక్కు వ్యాపారి కార్నెగీ అలా కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. అది కథే. నిజమేమిటంటే, 1900లో ఆండ్రూ కార్నెగీ ఈ ఊరి కార్మికుల పిల్లలకు చేతిపని, సాంకేతిక విద్య నేర్పడానికి డబ్బిస్తానన్నాడు, నగరం స్థలమిచ్చింది. 1905లో తరగతులు మొదలయ్యాయి. అప్పటికి అది డిగ్రీలిచ్చే చోటు కాదు. 1912లో కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయ్యాకే డిగ్రీలు వచ్చాయి. 1967లో మెలన్ సోదరులు పెట్టిన పరిశోధన సంస్థ వచ్చి కలవడంతో ఇప్పటి పేరు వచ్చింది. కార్నెగీ తన తల్లి మార్గరెట్ మోరిసన్ పేరిట ఆడపిల్లలకు పెట్టిన కాలేజీ 1973లో మూతపడింది. దాని గుండ్రటి మంటపం పైన చెక్కిన మాటలను మా వదిన పెద్దవాళ్లకు తెలుగులో చదివి వినిపించింది. ఎంత చిన్న పనికైనా గౌరవం తేవడం స్త్రీకి దక్కిన పెద్ద హక్కుల్లో ఒకటన్నది అందులో ఒక మాట.

గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ప్రైవేటు అంటున్నారు, మరి ఓనరెవరు?" అని అడిగారు. చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. ఓనరు లేడు. వాటాలు, లాభాల పంపకం ఉండవు. ట్రస్టీల మండలి ఉంటుంది, అది ప్రెసిడెంటును నియమిస్తుంది. చదువుల వ్యవహారం ప్రోవోస్ట్ అనే ప్రధాన విద్యాధికారి చేతిలో ఉంటుంది. ఇంజనీరింగు, లలితకళలు, సైన్సు, మానవీయ శాస్త్రాలు, వ్యాపారం, ప్రజా విధానం, కంప్యూటర్ సైన్స్ కలిపి ఏడు విభాగాలు, ఒక్కోదానికి ఒక డీన్. పరిశోధన డబ్బులో పెద్ద వాటా ఫెడరల్ ప్రభుత్వ సంస్థలది, దానికోసం ప్రొఫెసర్లే అర్జీలు రాసి పోటీపడాలి. ఈ సంగతి విన్నాక, "మావాడు రాత్రీపగలూ రాసేది ఇదేనా" అని ఒకావిడ తన కొడుకును దగ్గరకు తీసుకుంది.

న్యూయెల్ సైమన్ హాల్ ముందు అందరినీ ఎక్కువసేపు నిలబెట్టాను. అలెన్ న్యూయెల్, హెర్బర్ట్ సైమన్ కృత్రిమ మేధకు ఇక్కడ పునాది వేశారు. 1965లో కంప్యూటర్ సైన్స్ శాఖ వచ్చింది. నాలుగేళ్లకు అందులో చేరిన మనిషి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పే పనిలో ముందు నిలిచి, 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెటూరి పిల్లల కోసం 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ ఆయనే. కార్మికుల పిల్లల బడిగా మొదలైన చోట పనిచేసిన మనిషి మన పల్లెల పిల్లల కోసం నిలబడ్డారంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మన పిల్లలకు ఆయన పేరు కూడా తెలియకపోవడం మన తప్పే.

తర్వాత షెన్లీ పార్కులో పులిహోర, పెరుగన్నం. వండి తెచ్చిన నలుగురికీ, తెలుగు కరపత్రం అచ్చు వేయించిన దాతకూ, సెలవు రోజు వచ్చి దారి చూపిన విద్యార్థులకూ రుణపడి ఉన్నాం.

ఒక మాట దాచుకోలేను. వస్తామని పేరిచ్చిన వాలంటీర్లలో సగం మంది ఆ ఉదయం ఫోన్ ఎత్తలేదు. వృద్ధుల చక్రాల కుర్చీలు తోసే చేతులు చాలక నడక గంట ఆలస్యమైంది. పోయినేడు మన వేదిక మీద సహాయ నిధి ఇప్పిస్తామన్న అధికారికి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. మాట ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఇచ్చి తప్పితే కార్యక్రమమే కుంటుపడుతుంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంచుతారు. లోటు లేదు. చందా బాకీ ఉన్నవారు సమావేశంలోగా చెల్లించాలి.

వచ్చే వేసవి నడకకు కరపత్రం పెంచి చిన్న పుస్తకంగా వేయాలని కార్యవర్గం తీర్మానించింది. రాసేవారు, దిద్దేవారు, కుర్చీలు తోసేవారు కావాలి. సమావేశం గుమ్మం దగ్గర పేర్ల పుస్తకం ఉంటుంది, రాగలిగినవారే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి