ముందు కంచె, తర్వాతే కుక్క

ఒరేయ్ జమీందారూ,

జవాబు ఆలస్యమైంది. తిట్టుకో, కానీ చదివాక తిట్టు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు నయం, మిగతావి తర్వాత. మేకల కాపలాకి తెచ్చుకోనా అని నువ్వడిగిన, కుక్కల షెల్టర్‌లో చూసొచ్చిన ఆ తెల్ల ఏనుగంత కుక్క సంగతి ముందు తేల్చాలి.

ఫొటోలో గ్రేట్ పైరనీస్ అనే మంద కాపలా కుక్కల జాతి పోలికలున్నాయి. వెనక కాళ్లకు లోపలివైపు జంట గోళ్లుంటే ఆ రక్తం ఉందనుకోవచ్చు. షెల్టర్ కార్డు మీద ఉండే జాతి పేరు చాలావరకు రూపం చూసి వేసిన అంచనాయే. జాతి సరే, పాత యజమాని ఎందుకు వదిలేశాడో అడుగు. మంద కాపలా కుక్కల్ని వదిలేయడానికి మామూలుగా చెప్పే కారణాలు రాత్రంతా మొరగడం, కంచె దాటడం, కోళ్లను చంపడం, అనుకున్నదానికన్నా పెరిగిపోవడం. మొరుగుడుకి మందు లేదురా! ‘ఇటు రావద్దు’ అని నక్కకీ తోడేలుకీ చెప్పడమే దాని ఉద్యోగం, అదీ రాత్రి డ్యూటీ. పక్కింటి గోడ దగ్గరైతే ఆశ వదులుకో.

ఇక అసలు విషయం. కంచె పూర్తయ్యేదాకా దాన్ని తేవద్దు. నీ ‘రేపు కడతాలే’ గురించి నాకు తెలుసు, ఆ గేటు కథ మళ్లీ ఎత్తను. కంటికి ఆనినంత మేరా తనదే అనుకునే జాతి అది. పిలిస్తే వస్తుందన్న ఆశ పెట్టుకోకు, ఎవరూ చెప్పకుండా సొంతంగా నిర్ణయించుకోవడానికే దాన్ని తరతరాలుగా పెంచారు. అల్లిక వల కంచె కనీసం 5 అడుగులు, 6 అయితే మేలు. తవ్వుతుంది కాబట్టి అడుగున రెండడుగుల వలను లోపలివైపు నేల మీద పరిచి మేకులు కొట్టు. గేటు కింద సందు మూసెయ్. కంచె పక్కన గడ్డిమోపులూ డబ్బాలూ పెట్టకు, వాటి మీదెక్కి దూకుతుంది. కంచెకు బదులు వైరు పాతి, అది దాటితే షాక్ కొట్టే పట్టెడ వేస్తామని ఎవరైనా అంటే దండం పెట్టు. దట్టమైన బొచ్చులో షాక్ సరిగా తగలదు. తగిలినా ఓర్చుకుని దాటిపోతుంది, తిరిగి రావడానికి మాత్రం జంకుతుంది.

ఎక్కువగా తప్పించుకునేది కారు తలుపు దగ్గరే. మెడ బొచ్చు మందం, తల చిన్నగా అనిపిస్తుంది, వెనక్కి లాగితే మామూలు పట్టెడ జారిపోతుంది. లాగితే బిగిసే మార్టింగేల్ పట్టెడ ఒకటి, ఛాతీకి హార్నెస్ ఒకటి, రెండిటికీ వేర్వేరు తాళ్లు కట్టు. నీ నంబరున్న బిళ్ల షెల్టర్‌లోనే తగిలించు, చర్మం కింద గుర్తింపు కోసం పెట్టే మైక్రోచిప్‌ని నీ పేరుకి మార్పించు.

మేకల్లోకి వెంటనే వదలకు. మొదట్లో కంచెకు అటూ ఇటూ, ఆ తర్వాత తాడుతో, నువ్వు పక్కనుండగానే. చూపు పక్కకి తిప్పి పడుకుంటే శుభం. ఒళ్లు బిగబట్టి రెప్ప వేయకుండా చూస్తే తాడు వదలకు. రెండేళ్లు నిండేదాకా పసితనమే, కోళ్ల దగ్గర ఒంటరిగా ఉంచావా, ఆడుతూనే చంపేస్తుంది. మేకలు ఈనేటప్పుడు కూడా... అది వేరే ఉత్తరం.

తిండి దాని సైజు చూసి భయపడ్డంత అక్కర్లేదు, కానీ ఒకేసారి కుమ్మరించకు. రోజుకి రెండు పూటలు పెట్టు, తిన్నాక పరుగులొద్దు. పొట్ట ఉబ్బి, ఏమీ బయటకు రాకుండా వాంతికి ప్రయత్నిస్తూ, చొంగ కారుస్తూ అటూ ఇటూ తిరుగుతోందంటే కడుపు మెలిపడిందేమో. అర్ధరాత్రయినా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తు, తెల్లారేదాకా ఆగితే చచ్చిపోవచ్చు.

ఎండాకాలమని బొచ్చు గొరిగించకు, దువ్వు చాలు. తుంటి ఎక్స్‌రే గురించి కూడా రాయాలి, కుక్కపిల్లని తెస్తే దాని తిండిలో కాల్షియం... అదిగో పోస్టు పట్టుకెళ్లే కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు, మిగతాది రేపు. కంచె కొలతలు వెంటనే పంపు.

నీ
బుజ్జిగాడు