2024–25 వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పెద్దవాళ్ల బతుకులు రాశాం

సభ్యులందరికీ నమస్కారమండీ.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో చలివేంద్రం, సంక్రాంతి ముగ్గులు, పదో తరగతి పిల్లలకి పుస్తకాలు, ఇలా చేసిన పనులన్నీ వరసగా రాసేవాళ్లం. ఈసారి కూడా అవన్నీ జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు వేరే కాగితంలో జత చేశారు, చూసుకోండి. నేను మాత్రం ఒక్క పని గురించే రాస్తాను, ఎందుకంటే ఏడాదంతా మనల్ని ఆదివారం మధ్యాహ్నాలు నిద్ర మానుకుని గ్రంథాలయం మేడ మీద కూర్చోబెట్టింది అదే.

కిందటి ఏప్రిల్ సర్వసభ్య సమావేశం మీకు గుర్తుండే ఉంటుంది. పంటు మావయ్య గారు, అదే గోదావరి దాటించే పంటు మీద పనిచేసినాయన, పోయి అప్పటికి నెల. ఆయన మనవరాలు లేచి, "తాతయ్య ముప్పై ఏళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు మీద పనిచేశాడు, ఏ నెలలో ఏటి పాయ ఎటు తిరుగుతుందో, ఎక్కడ ఇసక మేట వేస్తుందో అన్నీ ఆయనకే తెలుసు, ఇప్పుడు నేను ఎవర్ని అడగాలండీ?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ రోజే తీర్మానం రాసుకున్నాం. మన కోనసీమ ఇళ్లలో డెబ్బై దగ్గరపడ్డ వాళ్లందరి బతుకులూ ఈ ఏడాది కాగితం మీదకి రావాలి. వాళ్లు రాయగలిగితే వాళ్లే రాస్తారు, లేకపోతే మనం పక్కన కూర్చుని రాస్తాం.

పొడుగు నోటుబుక్కులు నలభై కొని పంచాం. రెండు నెలలు పోయాక రాసి వెనక్కి ఇచ్చినవి తొమ్మిది. తొమ్మిదీ రిటైరైన మగవాళ్లవే. చాలావాటిలో ఉద్యోగంలో చేరిన తేదీ, బదిలీలు, ప్రమోషన్, రిటైర్మెంట్ సన్మానం ఉన్నాయి గానీ ఇల్లు లేదు, ఆకలి లేదు, భార్య పేరు కూడా లేదు. ఆడవాళ్లు నోటుబుక్కులు ఖాళీగా తిరిగి ఇచ్చేశారు. "నాదేవుందమ్మా రాయడానికి, పుట్టేను, పెళ్లయ్యింది, పిల్లల్ని పెంచేను, ఆయ్, అంతే" అని చాలామంది దాదాపు ఇదే మాట. ఇక అక్షరం రానివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అందుకని జూలైలో అందరం కలిసి రాజమండ్రి వెళ్లాం, కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూడటానికి. బస్సులో ఆయన స్వీయచరిత్రము లోంచి కొన్ని పేజీలు చదివి వినిపించాం. తెలుగులో వచనంలో తన జీవితం తను రాసుకోవడానికి దారి వేసిన పుస్తకం అది, రెండు భాగాలుగా 1911లో, 1915లో వచ్చింది. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం, తర్వాత బంధువులు వెలివేయడం, ఇవి మనందరికీ బడి పుస్తకాల్లోంచి తెలిసినవే. కానీ ఆ ఇంట్లో నిలబడ్డాక మన వెనకవీధి అత్తయ్య గారు అడిగిన ప్రశ్న వేరు. "వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే, రాజ్యలక్ష్మమ్మ గారే గోదాట్లోంచి నీళ్లు మోసి వండి పెట్టేరన్నారు కదా, మరి ఆవిడ ఏం రాసుకున్నారు?" ఆవిడ మనకి తెలిసింది భర్త రాసిన పేజీల్లోంచే. ఆ రోజు పెళ్లికూతురుగా కూర్చున్న చిన్నపిల్ల కూడా అంతే, వేరొకరి పుస్తకంలోంచే కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో ధవళేశ్వరం దగ్గర ఆగాం. ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన కాటన్ దొర గారి విగ్రహం లేని ఊరు మన డెల్టాలో తక్కువే. ఆయన 1899లో పోతే, మరుసటి ఏడాదే కూతురు లేడీ హోప్ ఆయన జీవిత చరిత్ర ఇంగ్లీషులో అచ్చు వేయించారు. కూతురు తండ్రి గురించి రాసింది కాబట్టి ఆ ప్రేమ ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఆ ఆనకట్టకి రాళ్లు మోసినవాళ్లకీ కూతుళ్లు ఉన్నారు, వాళ్లకి అక్షరాలు రావు. ఈ మాట నేను బస్సులో అన్నాను, ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే మన పని ఏమిటో నాకు అప్పుడే తెలిసొచ్చింది. మన ప్రాంతంలో చాలా బతుకులు ఇంకొకరి చేతి రాతలోంచే మిగులుతాయి. ఆ చెయ్యి మనది అయినప్పుడు ఎలా రాయాలన్నదే అసలు ప్రశ్న.

చెప్పి రాయించడం చిన్నతనం అనుకున్న పెద్దవాళ్లకి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి సంగతి చెప్పాం. 1867లో ఖండవల్లిలో పుట్టిన ఆయనకి మొదట్నుంచీ చూపు మందం, తర్వాత పూర్తిగా పోయింది. ఆయన చెబుతుంటే పక్కవాళ్లు రాశారు, స్వీయచరిత్ర కూడా అలాగే వచ్చింది. ఈ ఒక్క మాటతో అయిదారుగురు ఒప్పుకున్నారు. ఆగస్టు నుంచి జంటలు కట్టాం, చెప్పేవారు ఒకరు, రాసేవారు ఒకరు, రాసేవాళ్లలో ఎక్కువ మంది కాలేజీ పిల్లలు.

మొదటి తప్పు భాష దగ్గర జరిగింది. పిల్లలు రాసిన మూడు నోటుబుక్కుల్ని సరిచేయడానికి భాష బాగా తెలిసిన ఒక పెద్దాయనకి ఇచ్చాం. ఆయన శ్రద్ధగానే చేశారు, అందులో సందేహం లేదు. కానీ కొబ్బరికాయల ఒలుపు పనిచేసిన పిన్ని గారు "గునపం మీద పొద్దుటేల మొదలెడితే సందేళకి చేతులు మంటలెత్తిపోయేవండి" అని చెబితే, కాగితం మీద అది "ఉదయము నుండి సాయంకాలము వరకు శ్రమించితిని" అయ్యింది. చదివి వినిపిస్తే పిన్ని గారు తల అడ్డంగా ఊపి, "ఇది నేను కాదమ్మా, ఎవరో పెద్దింటావిడ" అన్నారు. మూడూ మళ్లీ మొదట్నుంచి రాశాం. మన గోదావరి జిల్లాల మాట అచ్చులో ఎంత బాగుంటుందో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఎప్పుడో చూపించారు. పొలమూరులో వేదం, సంస్కృతం చదువుకున్న ఇంట పుట్టి, తెలుగు రాయాలని పట్టుబట్టి, "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" అని తన కథ రాసుకున్న మనిషి ఆయన. అచ్చు తప్పులు దిద్దండి, మాట మాత్రం దిద్దకండి, అని అప్పటి నుంచి రాసేవాళ్లందరికీ చెబుతున్నాం.

తేదీల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పెద్దవాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, వరదలు గుర్తుంటాయి. "పెద్ద వరద" అంటే వయసుని బట్టి 1953 కావచ్చు, 1986 కావచ్చు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు కూడా దాటిపోయింది. ఏటి మధ్య లంకలో ఉండే ఒక పెద్దావిడ, నీళ్లు తీసిన మూడో వారంలో ఏటిగట్టు మీద తాటాకు పాకలో తన చిన్నకొడుకు పుట్టాడని చెప్పారు. కొడుకు ఒప్పుకోలేదు, సర్టిఫికెట్లో 1985 జూన్ ఒకటో తారీఖు ఉందన్నాడు. ఆ తేదీ బళ్లో చేర్చుకునే రోజున వయసు సరిపోవాలని వేసింది. తల్లి మాటే రాశాం. తుపాను ఒక్కదానికే ఈ గొడవ లేదు, 1996 నవంబరు 6 రాత్రి అనగానే కోనసీమలో ఎవరైనా సరే ఎక్కడున్నారో, ఏ గోడ పక్కన నిలబడ్డారో చెప్పగలరు. ఆ రాత్రి గురించి పదకొండు మంది చెప్పారు, పదకొండూ ఉంచాం, ఒకే రాత్రి కదా అని ఏదీ తగ్గించలేదు.

ఇప్పుడు క్యాసెట్ల సంగతి. ఈ ఏడాది మనం చేసిన పనిలో నా మనసుకి దగ్గరైంది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

మన సభ్యురాలు ఒకరు 1993లో కువైట్ వెళ్లారు, ఇంటి పనికి. పదకొండేళ్లు ఉన్నారు. మన ఊళ్ల నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పాలా. ఆవిడకి రాయడం రాదు, ఫోను ఖరీదు, అందుకని క్యాసెట్లో మాట్లాడి, ఇంటికి వచ్చేవాళ్ల చేత పంపేవారు. పద్నాలుగు క్యాసెట్లు. వాళ్ల అమ్మాయి ట్రంకు పెట్టెలో చీర మడతల మధ్య దాచింది. అవి పట్టుకుని అమ్మాయి వచ్చినప్పుడు మొదట మేం అనుకున్నది, ఇంక రాయాల్సిన పనేముంది, ఆవిడ జీవిత కథ ఆవిడ గొంతులోనే ఉంది, విని దించుకుంటే చాలు అని.

ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని విన్నాం. మధ్యాహ్నం రెండవుతోంది, మేడం పడుకుంది, అందుకే గొంతు తగ్గించాను, నువ్వు బాగా చదువుకో, నాన్నమ్మ మాట విను, నాకిక్కడ ఏ లోటూ లేదు, అన్నం బాగా పెడుతున్నారు, గదిలో ఏసీ కూడా ఉంది, అంటోంది టేపులో. ఆవిడ చెయ్యి చాచి టేపు ఆపేశారు. "ఇక్కడ అబద్ధం చెప్పేనమ్మా. వంటగది పక్కన సామాన్ల గదిలో పడుకునేదాన్ని. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు." అమ్మాయికి ఇప్పుడు నలభై దాటింది. ముప్పై ఏళ్లు ఆ ఏసీ గదినే ఊహించుకుంటూ వచ్చింది.

ఆ రోజు ఇంక పని సాగలేదు. తర్వాతి వారం ఏం చేయాలని చర్చించుకున్నాం. టేపులో ఉన్నది తీసేసి నిజం రాయాలని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల కూతురు కోసం ఒక తల్లి ఆడిన అబద్ధం కూడా ఆవిడ బతుకే. అందుకని పేజీ మధ్యలో గీత కొట్టాం. ఎడమ వైపు టేపు మాట, కుడి వైపు ఇప్పుడు ఆవిడ చెబుతున్న మాట. కొన్ని పేజీల్లో కుడి వైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఆవిడ ఏమీ చెప్పనన్నారు, మేం మళ్లీ అడగలేదు. పద్నాలుగింటిలో తొమ్మిది క్యాసెట్లు పూర్తయ్యాయి.

మామిడికుదురు వైపు నుంచి వచ్చే తాతయ్య గారి విషయం కూడా చెప్పాలి. చిన్నప్పుడు పదేళ్లు ఒక ఆసామి ఇంట పాలేరుగా ఉన్నారు. వాళ్ల ఊళ్లోనే 1911లో పుట్టిన కవి బోయి భీమన్న గారి ఆత్మకథ "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు" గురించి చెబితే, "ఆయన రాసేసేరు కదా, మళ్లీ నేనెందుకు?" అన్నారు. ఆయన పద్మశ్రీ దాకా వెళ్లారు తాతయ్యా, నువ్వు వెళ్లలేదు, వెళ్లనివాళ్ల కథ ఎవరు రాస్తారు, అని రాసే కుర్రాడే అడిగాడు. కుర్రాడు అలా అనేసరికి నాకు కంగారేసింది గానీ తాతయ్య గారు మాత్రం నవ్వి మొదలుపెట్టారు. ఏడాదికి ఎన్ని బస్తాల ధాన్యం ఇచ్చేవారు, అందులో అప్పు కింద ఎంత పట్టుకునేవారు, పశువుల కొట్టంలో ఏ మూల పడుకునేవారు, అన్నీ లెక్కగా చెప్పారు. మనకి వచ్చిన నోటుబుక్కులన్నిట్లోకీ మంచిది అదేనని నా అభిప్రాయం.

ఒక గొడవ కూడా జరిగింది, దాచడం లేదు. ఒక సభ్యుడు తన నోటుబుక్కులో, కొబ్బరితోట పంపకాల్లో అన్నగారు తనకి అన్యాయం చేశారని రాశారు. అన్నగారు లేరు. ఆయన కొడుకు వచ్చి ఆ పేజీలు చించేయమన్నాడు, రెండు వారాలు మాకు చాలా టెన్షన్. చించలేదు. "మీ నాన్నగారి తరఫున మీరూ రాయండి" అని అదే నోటుబుక్కు ఇచ్చాం. నాలుగు రోజులు పట్టుకెళ్లి రెండు పేజీలు రాసి తెచ్చాడు. బాబాయి చదువుకి తోట తాకట్టు పెట్టింది తన తండ్రేనని అందులో ఉంది. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు, మనం కలిపేశామని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ నోటుబుక్కు మాత్రం ఇద్దరి రాతతో బీరువాలో ఉంది, వాళ్లు ఒప్పుకునే దాకా అచ్చుకి ఇవ్వం. బతికున్న మనిషి గురించి రాస్తే ఆ మనిషికి ముందు చదివి వినిపించాలని కూడా నవంబరు సమావేశంలో తీర్మానించాం.

పుస్తకం సంక్రాంతికే రావాల్సింది. మనం పని ఇచ్చిన చోట పాత డీటీపీ అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులన్నీ చెదిరిపోయాయి, పేజీలు మళ్లీ టైపు చేయించాం, అందుకే ఆలస్యం. ఇప్పటికి ఇరవై ఆరు మంది కథలు సిద్ధంగా ఉన్నాయి. చెబుతూ చెబుతూ మధ్యలో పోయినవారు ఇద్దరు. వాళ్లవి ఎక్కడ ఆగాయో అక్కడే ఆపి వేస్తున్నాం, చివర మేం ఏమీ కలపలేదు.

వచ్చే ఏడాదికి కొబ్బరి దింపు కార్మికులు, పీచు తాడు పేనిన ఆడవాళ్లు, వేట మానేసిన పడవ వాళ్లు చెప్పడానికి ఒప్పుకున్నారు, రాసే పిల్లలు చాలడం లేదు. మీ ఇళ్లలో ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లుంటే ఆదివారం మూడింటికి పంపండి. ఇంకో మాట, మన టేపు రికార్డరు బెల్టు ఫిబ్రవరిలో తెగింది, అమలాపురంలో నాలుగు షాపులు తిరిగినా దొరకలేదు. అటకల మీద పాత టేపు రికార్డర్లు పడి ఉంటే, పాడైనవైనా సరే, తెచ్చి ఇవ్వండి. ఇంకా అయిదు క్యాసెట్లు వినాలి, ఆవిడ రోజూ అడుగుతున్నారు.

ఇట్లు,
కార్యదర్శి