ఇంటి చదరపు అడుగులు కాదు, రేడియేటర్లు లెక్కపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో ఇల్లు కొనేవాళ్ళ కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. స్కూళ్ళు, వడ్డీ రేట్లు, తూర్పు గుమ్మం, అన్నీ రాశారు. జనవరి చలిలో ఆ ఇంటిని వెచ్చగా ఉంచేదేమిటో మాత్రం ఒక్క ముక్క లేదు. న్యూజెర్సీలో మనవాళ్ళు చాలామంది ఇప్పుడు పాత ఇళ్ళు కొంటున్నారు. వాళ్ళ కోసమే ఈ ఉత్తరం.

మా ఇల్లు హైలాండ్ పార్క్‌లో ఉంది, 1926లో కట్టింది. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్ నీళ్ళు మరిగిస్తుంది. ఆవిరి గొట్టాల గుండా గదుల్లోని పోత ఇనుప రేడియేటర్లకు చేరుతుంది. అక్కడ వేడి వదిలి నీరై, అదే గొట్టంలో కిందికి దిగుతుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. రేడియేటర్ పక్కనున్న చిన్న వెంట్ (లోపలి గాలి బయటికి పోయే మూత) బుస్సుమంటే మా అత్తగారు మొదట్లో కుక్కర్ అనుకుని వంటింట్లోకి వెళ్ళేవారు.

మూడేళ్ళ క్రితం పాత బాయిలర్ పగిలి నీళ్ళు కారింది. వచ్చిన కాంట్రాక్టర్ దాని మీదున్న, సైజు రాసిన రేకు చూశాడు, ఇల్లు ఎన్ని చదరపు అడుగులని అడిగాడు. పద్దెనిమిది వందలన్నాం. "అదే సైజు వేద్దాం" అన్నాడు. మేడ మెట్లు ఎక్కలేదు, ఒక్క రేడియేటర్ చూడలేదు. బయట మంచు, ఇంట్లో చిన్నపిల్ల. మేము సరేనన్నాం.

కొత్తది పెట్టాక టెన్షన్ తీరుతుందనుకుంటే మొదలైంది. ఒక రాత్రి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని బాయిలర్ పక్కనే నిలబడ్డాను. మంట కాసేపు బాగానే మండింది. తర్వాత టక్కుమని ఆగింది, మళ్ళీ వెలిగింది, రెండు నిమిషాలకే మళ్ళీ ఆగింది. అలా తెల్లవార్లూ. పైన పాప గదిలో రేడియేటర్ మొదటి నాలుగు ముక్కలు (సెక్షన్లు) చెయ్యి పెట్టలేనంత వేడి, మిగతా సగం చల్లగా రాయిలా ఉంది.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో చక్కెర మిల్లు బాయిలర్ హౌస్‌లో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే మధ్యలో ఆపేశారు. "ఇంటి కొలత నాకెందుకమ్మా? ఆవిరి తాగేవి ఎన్నున్నాయో చెప్పు" అన్నారు. ఆ ప్రశ్న బాయిలర్ కొనకముందు ఎవరైనా అడిగుంటే ఎంత బాగుండేది!

అసలు సంగతి అదే. వేడి గాలితో, వేడి నీళ్ళతో నడిచే హీటింగ్‌కు ఇంట్లోంచి ఎంత వేడి బయటికి పోతుందో లెక్క కడతారు. ఆవిరికి ఆ లెక్క పనికిరాదు. బాయిలర్ ఇంట్లో ఉన్న రేడియేటర్లన్నిటినీ ఒకేసారి ఆవిరితో నింపగలగాలి. కిటికీలు కొత్తవైనా, గోడల్లో దూది కూరినా రేడియేటర్ సైజు మారదు కదా. బాయిలర్ చిన్నదైతే చివరి గదికి ఆవిరి చేరదు. పెద్దదైతే రేడియేటర్లు అంత ఆవిరిని చల్లార్చలేవు, ప్రెషర్ పెరిగి స్విచ్ మంటను ఆపేస్తుంది. మా ఇంట్లో జరుగుతున్నది ఇదే.

ఆ వారాంతం మావారూ నేనూ టేపు పట్టుకుని గదిగదీ తిరిగాం. రేడియేటర్‌ను పక్క నుంచి చూస్తే ఎన్ని నిలువు గొట్టాలో తెలుస్తుంది, ముందు నుంచి చూస్తే ఎన్ని ముక్కలో తెలుస్తుంది. మా హాల్లోది మూడు లావు గొట్టాల (కాలమ్) రకం, 38 అంగుళాల ఎత్తు, పది ముక్కలు. రేడియేటర్ల కొలతల పట్టికలో ఆ రకం ముక్క ఒక్కోటి 5 చదరపు అడుగులు, అంటే మొత్తం 50. ఇవి నేల చదరపు అడుగులు కావు, రేడియేటర్ వేడినిచ్చే కొలత. ఒక్కో అడుగుకు గంటకు 240 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం). పేరు ఒకటే కావడంతో మనవాళ్ళు పొరబడేదీ ఇక్కడే. మా ఎనిమిది రేడియేటర్లూ కలిపితే 270 వచ్చింది. బాయిలర్ రేకు మీద ఆవిరికి రాసిన నెట్ అంకె, అంటే ఎన్ని అడుగుల రేడియేటర్లను నింపగలదో ఆ లెక్క, 450! వంటిల్లు మార్చినప్పుడు పాత యజమానులు రెండు రేడియేటర్లు పీకేశారని తర్వాత తెలిసింది. పగిలిన బాయిలర్ కూడా ఎప్పటినుంచో పెద్దదే అన్నమాట.

ఇంకోమాట. గొట్టాలు వేడెక్కడానికి కావలసిన మూడో వంతు అదనం ఆ నెట్ అంకెలో ముందే తీసేసి ఉంటుంది. "సేఫ్టీకి ఇంకొంచెం పెద్దది" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

తర్వాత ఆవిరి పని తెలిసిన ఇంకొకాయన వచ్చి పెద్ద గొట్టాల చివర మంచి వెంట్లు పెట్టారు, బేస్‌మెంట్‌లో గొట్టాలకు తొడుగులు వేశారు. పాప గది ఇప్పుడు వెచ్చగా ఉంటోంది. గట్టి చలి రోజుల్లో మంట ఆగి వెలగడం మాత్రం పోలేదు. బాయిలర్‌ను కోసి చిన్నది చెయ్యలేం కదా.

కాబట్టి మీ తర్వాతి వ్యాసంలో ఈ నాలుగు మాటలు చేర్చమని ప్రార్థన. ఆవిరి ఇల్లు కొనేవాళ్ళు బాయిలర్ పాడవకముందే, ఏ ఎండాకాలంలోనో తీరిగ్గా రేడియేటర్లు కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం చూడని కాంట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైలాండ్ పార్క్, న్యూజెర్సీ