తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు కాపలా ఖర్చు ఏ పద్దు కింద?

సంపాదకుడు గారికి,

నమస్కారం. యురేనియం తవ్వకాల గురించి మన పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా పంటలు, ఆరోగ్యం, భూసేకరణ, ఉద్యోగాల చుట్టూనే మాట సాగుతోంది. అవన్నీ మాట్లాడవలసినవే. అయితే ఖజానా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పద్దులు చూసి పదవీ విరమణ చేసిన నాకు మొదట తట్టే ప్రశ్న వేరు. గని మూతపడి, మిల్లు ఆగిపోయిన తరువాత అక్కడ మిగిలే వ్యర్థాల చెరువును కనిపెట్టుకొని ఉండడానికి అయ్యే ఖర్చును ఎవరు, ఏ సొమ్ములోంచి, ఎన్నేళ్లు భరించాలి?

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ (యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) 2012లో ప్రారంభించిన మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం. ఆ రాతిలో యురేనియం 0.05 శాతం కూడా ఉండదు. అంటే టన్ను రాయిని పిండి చేసి, సోడియం కార్బొనేట్ ద్రావణంలో ఉడికిస్తే అరకిలో అయినా చేతికి రాదు. వచ్చిన కొద్దిపాటి సరుకు హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళుతుంది. మిగిలినదంతా సోడియం లవణాలు కలిసిన బురదగా గొట్టాల్లో సాగి కె.కె. కొట్టాల వైపున్న టెయిలింగ్ పాండ్‌లో, అంటే వ్యర్థాల చెరువులో, పడుతుంది. మిల్లు ఏడాదికి 300 రోజులు పూర్తిగా నడిచిందనుకుంటే 9 లక్షల టన్నుల రాయి బురదగా మారుతుంది.

ఈ బురదను తక్కువ స్థాయి రేడియోధార్మిక వ్యర్థం అంటారు. ఆ మాట తప్పు కాదు గానీ, వినేవారికి ఖర్చు కూడా తక్కువేనన్న భ్రమ కలుగుతుంది. థైరాయిడ్ చికిత్సకు ఆసుపత్రులు వాడే అయోడిన్-131 సంగతి చూడండి. దాని రేడియోధార్మికత 8 రోజులకొకసారి సగానికి పడిపోతుంది కనుక, రోగుల మరుగుదొడ్ల నీటిని ప్రత్యేక ట్యాంకులో మూడు నెలలు నిలవ ఉంచితే వెయ్యో వంతు కూడా మిగలదు. ఆ ట్యాంకు కట్టిన ఖర్చుతో పని అయిపోతుంది. తుమ్మలపల్లె బురద అలాంటిది కాదు. యురేనియం తీసేసిన తరువాత కూడా ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు, ఆ రేడియాన్ని పుట్టిస్తూ ఉండే థోరియం-230 సగానికి తగ్గడానికి సుమారు 75,000 ఏళ్లు పడుతుంది. రేడియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వెలువడుతూనే ఉంటుంది. కాబట్టి చెరువు మీద మందంగా మట్టి కప్పాలి, ఎండాకాలం గాలికి దుమ్ము లేవకుండా చూడాలి, వాన నీరు కిందికి ఇంకకుండా ఆపాలి, గట్టు తెగకుండా కాయాలి, చుట్టుపక్కల బోర్ల నీటిని పరీక్షిస్తూ ఉండాలి. ఇవన్నీ ఏటేటా జీతభత్యాలతో సాగవలసిన పనులే.

నేను ఉద్యోగంలో ఉండగా చూసిన ఒక చిన్న సంగతి చెబుతాను. ఒక మండలంలో కంకర క్వారీ లీజుదారు తవ్విన గుంతను పూడ్చేందుకు హామీగా కట్టిన డిపాజిట్ మా రిజిస్టరులో ఏళ్ల తరబడి అదే అంకెతో ఒక పేజీ నుంచి మరో పేజీకి వస్తూ ఉండేది. లీజు ముగిసి, మనిషి కనిపించకుండా పోయాక లెక్క వేస్తే ఆ సొమ్ము ట్రాక్టర్ల బాడుగకు కూడా చాలలేదు. చివరకు గుంత చుట్టూ కంచె వేసింది గ్రామ పంచాయతీ, అదీ వీధి దీపాలకు ఉంచుకున్న డబ్బుతో. చలానా మీద నాకు ఇప్పటికీ గుర్తున్న ఆ చిన్న అంకెను తలచుకున్నప్పుడల్లా తుమ్మలపల్లె చెరువు కళ్ల ముందు మెదులుతుంది.

పెద్ద దేశాలకూ ఈ అనుభవం తప్పలేదు. తూర్పు జర్మనీలోని సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో విస్ముట్ సంస్థ నాలుగు దశాబ్దాలు తవ్విన యురేనియం సోవియట్ యూనియన్‌కు తరలిపోయింది. 1990లో తవ్వకం ఆగింది. రెండు జర్మనీలు ఒకటయ్యాక 1991లో అక్కడి ప్రభుత్వం ఆ గనులను, వ్యర్థాల చెరువులను చక్కదిద్దడానికి 1,300 కోట్ల మార్కులు కేటాయించవలసి వచ్చింది. గని నీటిని శుద్ధి చేసే పని అక్కడ నేటికీ నడుస్తోంది. అమెరికాలో కొలరాడో నది ఒడ్డున మోయాబ్ అనే ఊరి దగ్గర 1.6 కోట్ల టన్నుల వ్యర్థాన్ని వదిలి, మిల్లు యజమాని సంస్థ 1998లో దివాలా తీసింది. ఆ గుట్టను 2009 నుంచి రైలు పెట్టెల్లో దాదాపు 50 కిలోమీటర్ల దూరానికి మోయించింది ప్రభుత్వమే. అలాంటి పాత మిల్లులను శుభ్రం చేయడానికి 1978లో చేసిన చట్టం ఖర్చులో 90 శాతాన్ని కేంద్రం మీద, 10 శాతాన్ని రాష్ట్రాల మీద పెట్టింది.

అయితే ఆ దేశం నుంచే నేర్చుకోదగిన లెక్క కూడా ఒకటి ఉంది. నడుస్తున్న మిల్లులు లైసెన్సు వదులుకునే ముందు, ఆ తరువాతి శాశ్వత పర్యవేక్షణ కోసం ఒక్కో చోటుకు 1978 నాటి విలువలో కనీసం 2,50,000 డాలర్లు ఖజానాకు జమ చేయాలి. ధరల పెరుగుదల పోను ఏటా ఒక శాతం వడ్డీ వస్తుందని, ఆ వడ్డీతోనే తనిఖీలు సాగాలని లెక్క కట్టారు. వ్యర్థాల మీది కప్పు వీలైతే వెయ్యేళ్లు, ఎట్టి పరిస్థితిలోనూ 200 ఏళ్లు నిలవాలన్నది అక్కడి ప్రమాణం. ఆ మొత్తం చాలుతుందా అన్నది వేరే వాదన. అసలు ముందే లెక్కించి, సొమ్ము విడిగా జమ చేయించడమే నాకు నచ్చిన విషయం.

మన దేశంలో అణు విద్యుత్ కేంద్రాలను భవిష్యత్తులో విప్పివేసే ఖర్చు కోసం 1991 నుంచి యూనిట్‌కు 2 పైసలు వసూలు చేస్తున్నారు. ఆ నిధి సరిపోతుందో లేదో చూసే పాత్ర అణు నియంత్రణ మండలికి లేదని 2012లోనే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక ఎత్తి చూపింది. విద్యుత్ కేంద్రానికి కనీసం 2 పైసల లెక్క అయినా ఉంది. ఆ కేంద్రానికి ఇంధనం అందించి ఊరి పక్కన పోగుపడుతున్న బురదకు సంబంధించిన లెక్క కూడా అంతే స్పష్టంగా జనం ముందుండాలి.

యూసీఐఎల్ ప్రభుత్వ సంస్థే కనుక ఎప్పటికైనా ప్రభుత్వమే చూసుకుంటుంది, విడి నిధి ఎందుకని కొందరు మిత్రులు నాతో అన్నారు. బడ్జెట్ పద్దుల్లో ముందుగా కోత పడేది ఎవరూ అడగని పద్దుకేనని నా అనుభవం. యురేనియం రావడం ఆగిపోయి, ఉద్యోగులు బదిలీ అయిపోయి, నాయకుల రాకపోకలు కూడా తగ్గిపోయిన రోజున ఆ మండలం తరఫున గట్టిగా అడిగేవారు ఎంతమంది మిగులుతారు?

నిజానికి ఖర్చు అప్పటిదాకా ఆగలేదు కూడా. చుట్టుపక్కల పల్లెల రైతులు బోరు నీరు పాడైందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. ఆరోపణలను సంస్థ అంగీకరించలేదు. ఎవరి మాట నిజమన్నది శాస్త్రజ్ఞులు తేల్చాలి. కానీ తేలే లోపు కొత్త బోరు వేసుకోవడం, నీటి సీసా పట్టుకొని ప్రయోగశాల చుట్టూ తిరగడం, క్యాన్ల నీరు కొనుక్కోవడం రైతు జేబులోంచే జరుగుతాయి. ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనబడకపోయినా ఇది కూడా ఈ వ్యర్థాల ఖర్చే.

నేను అణు విద్యుత్తుకు వ్యతిరేకిని కాను. బొగ్గు బూడిద గుట్టలను చూసినవాణ్ణి. నా విన్నపం పరిమితమైనది. చెరువు మూసివేతకు, ఆ తరువాతి పర్యవేక్షణకు ఎంత అవుతుందో నేటి ధరల్లో అంచనా వేయించి, ఐదేళ్లకోసారి సవరించి, మిల్లు నడుస్తున్న కాలంలోనే ఉత్పత్తి చేసిన ప్రతి కిలో మీద కొంత సొమ్మును కాగ్ తనిఖీకి లోబడిన విడి ఖాతాలో జమ చేయాలి. వార్షిక నివేదికలో దాన్ని ఒక విడి పద్దుగా చూపాలి. నీటి పరీక్షలను సంస్థతో సంబంధం లేని ప్రయోగశాల ఆ ఖాతా సొమ్ముతోనే చేయాలి. ఆ ఫలితాలను వేముల మండలంలోని ఆయా గ్రామ సచివాలయాల గోడ మీద, తేదీతో సహా, తెలుగులో అతికించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి,
ప్రొద్దుటూరు